పట్టీ ఊడినాయన

అంగలకుదురులో నన్ను కోతల రామబ్రహ్మం అంటారు. వరి కోతలు కాదులెండి, నోటి కోతలు. యుద్ధం రోజుల్లో జపాను విమానం ఒకటి మా తాటితోపు మీదుగా పోతూ కల్లు వాసనకి దారి తప్పిందనీ, దాని గాలికి మా బాబాయి తలపాగా ఎగిరిపోయి చుండూరులో పడిందనీ, అది వెతుక్కుంటూ పోయిన బాబాయికి అక్కడే పెళ్ళి కుదిరిందనీ చెబుతుంటాను. నమ్మనివాళ్ళు మా పిన్నిని అడగొచ్చు. ఆవిడ పోయి చాలా కాలమైంది కాబట్టి నాకా భయం లేదు.

అలాంటివాణ్ణి ఈ వేసవిలో ఒకే ఒక్క నిజం కోసం తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగాను. నిజం ఎంత పెంకిదో అప్పుడు తెలిసింది. అబద్ధమైతే అరుగు మీద కూర్చునే పుట్టించొచ్చు. నిజానికి రైలు ఎక్కాలి, ఎండలో నడవాలి, ఎవరెవరి గుమ్మాల్లోనో చెప్పులు విప్పాలి, చివరికి అది ఇంట్లో లేదనిపించుకుని తిరిగి రావాలి.

నన్ను తిప్పింది రసూల్‌బీ అక్క. మా ఊరి బళ్ళో నాకన్నా రెండు తరగతులు ముందు. ఐదుతో ఆవిడ చదువు ఆగింది, ఎనిమిదితో నాది. ఇప్పుడు తెనాలిలో కొడుకు దగ్గర ఉంటుంది. వాళ్ళది దర్జీ కొట్టు. నీటికాసులు వచ్చి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్ను గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రం కాస్త చూపిస్తుంది. అది కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడట. ఆ కబురు పట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. సంచిలోంచి పాత ఓణీ ముక్కలో చుట్టిన ఫోటో తీసి నా ఒళ్ళో పడేసింది.

“ఇందులో మా అబ్బా ఎవరో తేల్చాలిరా. కన్నుండగానే చూసుకోవాలి” అంది.

ఆ ఫోటో సంగతి మా ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. యుద్ధంలోకి పోయిన ముగ్గురు సిపాయిలు ఎక్కడో స్టూడియోలో తీయించుకున్నది. ఇద్దరు పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్నారు. మూడోవాడు వాళ్ళకి కుడివైపున, కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ నిలబడ్డాయనకి ముఖం లేదు. దివిసీమ తుఫానప్పుడు ఇల్లు కురిసి, ఫోటో తడిసి, సరిగ్గా ఆయన మెడ దగ్గర్నుంచి పైకి బొమ్మ లేచిపోయి తెల్లటి అట్ట మిగిలింది. తక్కినదంతా, చొక్కా బొత్తాలతో సహా, నిన్న తీసినట్టు ఉంది.

అక్క తండ్రి మొయినుద్దీన్ గారు పట్టాళంలో చేరేనాటికి అక్క కడుపులో ఉంది. ఆయన తిరిగి రాలేదు. బర్మా అన్నారు కొందరు, ఇంకేదో ఎడారి దేశం అన్నారు కొందరు. ఈ ఫోటో ఒక్కటి పోస్టులో వచ్చింది. అక్కకి ఊహ తెలిసీ తెలియకముందే తల్లి కూడా పోయింది. ఫోటోలో తన మొగుడెవరో ఆ తల్లి పేరు పెట్టి చెప్పలేదు. వేలు పెట్టి చూపించనూ లేదు. ఆ రోజుల్లో మా వీధిలో ఏ మతం ఆడదైనా మొగుడి పేరు నోటితో అనేది కాదు. పరాయి మగాళ్ళున్న ఫోటోలో ఇదుగో మా ఆయన అని వేలు పెట్టడం అంతకన్నా సిగ్గు. అమ్మలక్కలు “మీ ఆయన ఏరే ఇందులో?” అని అడిగితే తలొంచుకుని “పట్టీ ఊడినాయన” అనేదట. ఆ ఒక్క ముక్కే మిగిలింది.

ఆ ముక్కే అక్కని కాల్చుకు తింది. సిపాయికి పట్టీ అంటే చొక్కా చేతి మీద కుట్టే పట్టీ అని అందరి లెక్క. ఉద్యోగం ఊడినట్టే పట్టీ ఊడడమూను. ఏదో వెధవ పని చేస్తే పైవాళ్ళు పీకేసి ఉంటారని ఊరు అర్థం చెప్పుకుంది. పట్టీ ఉంటేగా ఊడేది, కుర్చీలు దక్కిన ఇద్దర్లోనే ఒకడై ఉంటాడని కూడా తేల్చేసింది. బళ్ళో అక్కని “పట్టీ ఊడినోడి కూతురు” అని ఏడిపించేవాళ్ళు. ఆవిడ వాళ్ళని కొట్టేది. కొట్టి, ఇంటికి పోయి, ఫోటో ముందు కూర్చునేది.

“తప్పు చేసిన ముఖమైనా సరే, నాన్న ముఖమేగా” అంది అక్క. “ఎవరో తెలియకుండానే చూపు పోయిందనుకో, లోపల ఎవర్ని చూసుకోవాలిరా? చెప్పు.”

ఫోటోని మళ్ళీ ఓణీ ముక్కలో చుట్టి, చెప్పులు వేసుకున్నాను.

అక్క మనవరాలు షబీనా అప్పటికే ఆ ఫోటోని ఫోనులో ఎక్కించి, పాత పట్టాళాల సంగతులు మాట్లాడుకునే గుంపులో పెట్టింది. దేశం నలుమూలల నుంచీ జవాబులు వచ్చాయి. ఒకాయన దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పంపాడు. ఒకాయన జై జవాన్ అన్నాడు. ఒకామె ఆ కుర్చీ ఇంకా ఉందా, అమ్ముతారా అని అడిగింది. పనికొచ్చే జవాబు ఒకటే వచ్చింది, అదీ తెనాలి నుంచే. శ్యాంప్రసాద్ అని ఒక రిటైరైన మాస్టారు, పాత పతకాలూ టోపీ బిళ్ళలూ పోగేస్తాడట, తీసుకురమ్మన్నాడు.

వెళ్ళాం. ఇంట్లో మనుషులు కూర్చునే చోటు తక్కువ, బిళ్ళలు కూర్చునే చోటు ఎక్కువ. ఆయన ఫోటోని బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. మేమూ బిగబట్టాం. చివరికి మా ఊపిరే ముందు అయిపోయింది.

“ఒక పట్టీ ఉంటే లాన్సు నాయక్, రెండు నాయక్, మూడు హవల్దారు” అన్నాడు. “ఇదుగో చూడండి మామ్మగారూ. మధ్యలో కూర్చున్నాయన చేతిమీద, కొక్కిరాయి ముక్కులాగా ముదురు మచ్చ. ఇక్కడ పట్టీ ఉండేది. ఎండకి చొక్కా అంతా వెలిసింది, పట్టీ కింద గుడ్డ వెలవలేదు. పట్టీ తీసేశాక ఆ రంగు మిగిలిపోయింది.”

అక్క ఫోటోని కంటికి ఆనించుకుంది. గొట్టపు చూపు కాబట్టి ఆవిడ ఏ వస్తువునూ ఒక్కసారిగా చూడలేదు, అంగుళం అంగుళం జరుపుకుంటూ చూడాలి.

“ఎందుకు తీసేస్తారు బాబూ?”

“తప్పు చేస్తే తీసేస్తారండి.”

“ఏం తప్పు?”

“అది గుడ్డ మీద తెలియదండి” అని ఆయన భూతద్దాన్ని మధ్యాయన భుజం మీదికి జరిపాడు. అక్కడ ఇత్తడి అక్షరాలున్నాయి. ఇక మనిషి మాకు దక్కలేదు. అది మూడో అక్షరమా, మూడో అక్షరం మీద పడ్డ నీడా అని మద్రాసులో ఎవరికో ఫోను చేశాడు. ఆయన పూనాలో ఇంకొకరికి చేయమన్నాడు. బండ్లు నడిపే దళమా, రోడ్లు వేసే దళమా అని ముగ్గురూ ఫోనులోనే పోట్లాడుకున్నారు. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. నా కడుపులో ఏ దళం నడుస్తోందో అడిగినవాడు లేడు. ఇంతలో బొత్తాల మీద కిరీటం ఉందా లేదా అన్న తగాదా మొదలైంది.

“మా అబ్బా ఎవరో చెప్పవయ్యా అంటే, బొత్తాం ఎవరిదో చెబుతావేంటి నాయనా?” అంది అక్క.

“బొత్తాం తెలిస్తే మనిషి తెలుస్తాడండి మామ్మగారూ.”

“నాకు మనిషి తెలిస్తే చాలు. బొత్తాం నువ్వే ఉంచుకో.”

బయటికొచ్చాక ఆటో దొరకలేదు. ఎండలో నడవడం మొదలుపెట్టాం. అక్క మెల్లిగా అడిగింది, “దొంగతనం చేసుంటాడంటావా?”

“చేసినా చిన్నదే చేసుంటాడక్కా. పెద్ద దొంగలకి పట్టీలు పెంచుతారు” అన్నాను. నవ్వలేదు.

మధ్యాయనే తండ్రి అనుకోవడానికి ఆవిడ మనసు ఒప్పుకోవడంలేదు, అనుకోకుండా ఉండడానికీ ఒప్పుకోవడంలేదు. ఇంకొకరిని అడుగుదామన్నాను. బాపట్లలో ఏసుబాబు అని మాజీ హవల్దారు ఉన్నాడని మా అల్లుడు చెప్పాడు. యుద్ధం చేసినవాడికి తెలియదా అనుకున్నాం. అదీ మా తప్పు.

ఏసుబాబు మీసం ముందు వచ్చింది, తరవాత ఏసుబాబు వచ్చాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, ఫోటో అందుకుని, చూడకుండానే పక్కన పెట్టి, తన ఆల్బం తీశాడు.

“డెబ్బై ఒకటి యుద్ధం అన్నాయ్. చీకటి. నా చేతిలో తుపాకీ లేదు, టార్చిలైటు ఉంది. అవతల నలభై మంది. టక్కున లైటు వేశా. నలభై మందీ చేతులెత్తారు!”

“మా తాటితోపు మీద కూడా ఒకసారి జపాను విమానం...” అని మొదలుపెట్టాను.

“ఆగన్నాయ్, అసలుది వినలేదు నువ్వు. ఆ నలభై మందినీ ఒక్కణ్ణే నడిపించుకొస్తుంటే దారిలో పులి!”

ఇక్కడే నాకు మండింది. అబద్ధం చెప్పడం తప్పు కాదు. ఎదుటివాడి వంతు ఎదుటివాడికి ఇవ్వకపోవడం తప్పు. పులి కూడా చేతులెత్తిందని చెప్పేలోగా వంటింట్లోంచి వాళ్ళావిడ మాణిక్యాంబ టీలు పట్టుకొచ్చింది.

“ఆయన లైటు వేసింది ఉల్లిపాయల గోడౌన్లోనండి” అంది అక్కతో. “వంటశాలలో చేశారు. పందికొక్కుని చూసి పులన్నారు.”

ఏసుబాబు ఆ మాట విననట్టు గబుక్కున మా ఫోటో అందుకున్నాడు. శ్యాంప్రసాద్ చెప్పిందంతా చెప్పాను. పెద్దగా నవ్వాడు.

“పుస్తకాల మాస్టార్లకి ఏం తెలుసన్నాయ్? పట్టీ పీకేసినోణ్ణి తీసుకెళ్ళి మధ్య కుర్చీలో కూర్చోబెడతారా? మిలట్రీలో కుర్చీ కూడా ర్యాంకును బట్టే. తప్పు చేసినోణ్ణి ఫోటోలోకే రానివ్వరు. అది మచ్చా కాదు గిచ్చా కాదు, చొక్కా ముడత.”

“అయితే మా అబ్బా ఎవరు బాబూ?” అంది అక్క.

“ఇడుగోనండి, ఎడం పక్కాయన. మీసం చూస్తే తెలియట్లా, సాయిబుగారని?”

“మీసం చూసి మతం చెబుతావా? అయితే నీ మీసం ప్రకారం నువ్వు మా మేనమామవి.”

మాణిక్యాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏసుబాబు కాస్త తగ్గి, ఫోటోని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ఈసారి నిజంగానే చూశాడు.

“మధ్యలో ఈయన్ని నేనెక్కడో చూశానండి. అబద్ధం కాదు. ఈ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది చూడండి. రేపల్లెలో కొండయ్య అని, వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు. ఆ కొట్లో గోడ మీద ఈ కనుబొమ్మ ఉంది.”

“నిజంగా ఉందా? ఉల్లిపాయల గోడౌన్లో ఉన్నట్టు ఉందా?” అన్నాను.

“నిజంగానే ఉందన్నాయ్” అన్నాడు పౌరుషంగా.

తిరిగొచ్చే బండిలో అక్క లెక్కలు వేస్తూ కూర్చుంది. మాస్టారు మధ్యాయన అన్నాడు, మీసాలాయన ఎడమాయన అన్నాడు. పొద్దున తండ్రి అనుకున్నవాడు సాయంత్రానికి పరాయివాడు. “ఒక్క ముఖం అడిగితే ఒక్కొక్కళ్ళూ ఒక్కొక్కటి చేతిలో పెడుతున్నారు. కూరగాయల కొట్టా ఇది?” అంది. నాకూ విసుగు పుట్టింది. ఇంక తిరగలేనని చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ ఫోటోని కంటికి ఆనించుకుని ఒక ముఖం దగ్గర్నుంచి ఇంకో ముఖం దగ్గరికి జరుపుకోవడం చూసి చెప్పలేకపోయాను. మూడోవాడి దగ్గరికి జరపలేదు. అక్కడ చూడ్డానికి ఏముంది?

రేపల్లె పాసింజరు ఎక్కించి తీసుకెళ్ళాను. కొండయ్య కొట్టు స్టేషనుకి దగ్గరే. నిజాంపట్నం పడవలవాళ్ళు తాళ్ళు బేరం చేస్తున్నారు. గోడ మీద, క్యాలెండరు పక్కన, దండ వేసిన ఫోటోలో అదే కనుబొమ్మ, అదే తెగినచోటు. ఏసుబాబు చెప్పినవాటిలో ఒకటి నిజమని మొదటిసారి ఒప్పుకున్నాను.

కొండయ్య మా ఫోటో చూడగానే తాళ్ళ బేరం వదిలేశాడు.

“మా నాన్న! కుర్రాడుగా ఉన్నాడు. ఇది మా ఇంట్లో లేదే! ఎక్కడిదండి?”

అక్క బెంచీ మీద కూర్చుండిపోయింది. ఒక ముఖం చేతిలోంచి జారిపోయింది మరి. నేను పొరపాటున, “మీ నాన్నగారికి పట్టీ పీకేశారటగా” అన్నాను.

“ఎవడండీ అన్నది?”

కొట్లో ఉన్న పడవలవాళ్ళందరూ నా వైపు తిరిగారు. కొండయ్య గోడమీది ఫోటో దించి, దండ తీసి, తుడిచి, నా ముక్కుకి తగిలేలా పెట్టాడు. అందులో అదే మనిషి, చేతిమీద రెండు పట్టీలు. “ఒకటి తీసి రెండు కుట్టారు! మధ్యలో ఫోటో తీసుకుని ఉంటారు. పీకేశారంట, పీకేశారు! తెనాలి నుంచి వచ్చింది ఈ మాట అనడానికా మీరు?”

అక్క అడ్డు పడింది. “తప్పయింది బాబూ. ఈయన నోరు అంత. పక్కన ఉన్న ఇద్దర్లో మా నాన్న ఉన్నాడు. మొయినుద్దీన్. మీ నాన్నగారు ఎప్పుడైనా చెప్పారా?”

కొండయ్య కోపం దిగడానికి కాసేపు పట్టింది. తరవాత తల గోక్కున్నాడు.

“చెప్పేవాడండి. తెనాలి సాయిబు, తెనాలి సాయిబు అని ఎప్పుడూ చెప్పేవాడు. మేం వింటే గదా! మళ్ళీ మొదలెట్టాడ్రా అని కంచాల ముందు నుంచి లేచిపోయేవాళ్ళం. ఒకటి గుర్తుంది. ఆ సాయిబు దేనికైనా ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చేవాడట. అందరూ వరసలో నిలబడ్డాక, టోపీ చేత్తో పట్టుకుని ఉరుకుతూ వచ్చేవాడట. అది చెప్పి పడీ పడీ నవ్వేవాడు మా నాన్న.”

“ఇంకా?”

“అంతేనండి.”

“చివరికి ఏమయ్యాడని చెప్పలేదా?”

“చెప్పే ఉంటాడండి. మేం లేచిపోయుంటాం.”

“ఈ కుర్చీలో కూర్చున్న ఎడమాయనేనా?”

“అయ్యుండొచ్చండి. అరవాయన కూడా ఒకడుండేవాడు వాళ్ళతో. ఆయనా అయ్యుండొచ్చు.”

ఆ కొండయ్యని పట్టుకుని కుదిపేస్తే ఆ తండ్రి చెప్పిన కబుర్లేమన్నా రాలతాయేమో అనిపించింది నాకు. అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పినవాడు చెప్పాడు, విననివాళ్ళు వినలేదు. కోతలు చెప్పే ముసలివాళ్ళ మాటలు ఎందుకు వినాలో ఇలాంటప్పుడు తెలుస్తుంది, కానీ అప్పటికి ముసలివాళ్ళు ఉండరు.

తిరుగు రైల్లో ఎదురుబొదురు సీట్లలో కూర్చున్నాం. అక్క పక్కన ఎండుచేపల బుట్టతో ఒకామె సర్దుకుంది. బండి కదిలాక అక్క తేల్చేసింది.

“ఎడమాయనేరా. మధ్యాయన కాదని తేలిపోయిందిగా. ఈ ముక్కు చూడు, నాదే.”

“నీదే అక్కా” అన్నాను. ఆ ముక్కు కొండయ్యదని చెప్పినా ఒప్పుకునేంత నీరసంగా ఉన్నాను.

“పోనీలే. బాగున్నాడు. పట్టీ ఏ తప్పుకి పోయిందో ఆ దేవుడికే తెలుసు. ముఖం మాత్రం బాగుంది.” ఆవిడ ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఉంది. ఫోటోని కంటి దగ్గర పెట్టుకుని ఆ ఎడమాయన్నే చూసుకుంటూ, కాసేపటికి ఒళ్ళో పడుకోబెట్టింది.

నాకు అది తలకిందులుగా కనిపిస్తోంది. తలకిందులుగా ఉన్న ఫోటోలో ముఖాలు పట్టవు. కాళ్ళే ముందు కనిపిస్తాయి. ఆరు బూట్లు. బూట్ల పైన చీలమండల చుట్టూ గుడ్డ పీలికలు, తాడు చుట్టినట్టు బిగించి. మా చిన్నప్పుడు ఎర్రటోపీ పోలీసులు కూడా నిక్కరు కింద కాళ్ళకి అలాగే చుట్టుకునేవాళ్ళు. వాటినేమనేవాళ్ళమా అని ఊరికే ఆలోచించాను. పొద్దుపోక.

పట్టీలు అనేవాళ్ళం.

కాలి పట్టీలు. ముందుకు వంగాను. కూర్చున్న ఇద్దరి కాళ్ళకీ పట్టీలు బిగుతుగా ఉన్నాయి. నిలబడ్డాయన కుడికాలికీ ఉంది. ఎడమకాలిది ఊడింది. ఊడి, బూటు మీదుగా జారి, కుర్చీ కాలు దాకా నేల మీద పాములా పడుంది. ఇన్నాళ్ళూ దాన్ని ఫోటో మీద గీత అనుకున్నాం. భూతద్దాలు పెట్టి భుజాలు చూశారు, చేతులు చూశారు, మీసాలు చూశారు. కాళ్ళు ఎవడు చూశాడు? అందులోనూ ముఖం లేనివాడి కాళ్ళు?

పేరు అనలేక, వేలు పెట్టలేక, ఆ తల్లి కంటికి కనిపించిన ఆనవాలు చెప్పింది. పట్టీ ఊడినాయన. అంతే. తప్పూ లేదు, శిక్షా లేదు. మా ఊరు ఊరంతా కలిసి ఆయన్ని దొంగని చేసింది.

నోరు మూసుకుని ఉండిపోదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆవిడ ఒళ్ళో ఒక ముఖం ఉంది, ముక్కు కలిసింది, మనసు కుదుటపడింది. నా నోటి నుంచి ఇన్ని అబద్ధాలు వచ్చాయి, ఒక్కటి రాకుండా ఆగితే కొంప మునగదు. కానీ నా ముఖానికి కోతలు రావు, నోటికే వచ్చు.

“ఏంట్రా అట్లా చూస్తున్నావు?” అంది.

“ఏం లేదక్కా.”

“ఏం లేకపోతే నువ్వు మాట్లాడుతూ ఉంటావు. ఏంటి?”

చెప్పాను. ఫోటోని ఆవిడ కంటికి ఆనించి, బూటు దగ్గర పెట్టి, ఆ పీలిక వెంట చూపుని జరిపించాను. కుర్చీ కాలు దగ్గర మొదలుపెట్టి చీలమండ దాకా వచ్చింది. అక్కడి నుంచి పైకి, మోకాలు, నిక్కరు, బెల్టు, బొత్తాలు, కాలరు. కాలరు దగ్గర తెల్లటి అట్ట వచ్చింది. ఆగింది.

పెనుమర్రు స్టేషను వచ్చిందో పోయిందో నాకు తెలియదు.

“పట్టీ పీకెయ్యలేదు అక్కా. కాలిది జారింది. ఏ తప్పూ చెయ్యలేదు ఆయన” అన్నాను. ఆ మాట ఆవిడకి ఊరట అవుతుందని నా ఆశ.

“అద్దానికి అంటుకుందిరా” అంది.

“ఏంటి?”

“తుఫాను తరవాత ఫ్రేము విప్పితే, ఈయన ముఖం అద్దానికి అంటుకునుంది. అట్ట మీంచి లేచి అద్దం మీదికి పోయింది. ముక్కూ కళ్ళూ అన్నీ, అచ్చంగా. మనకి కావాల్సింది పక్కవాళ్ళు కదా, వాళ్ళు బాగానే ఉన్నారు కదా అనుకున్నా. అద్దం మరకైందని తడిగుడ్డ పెట్టి తుడిచా. పోకపోతే గోటితో గీకా.”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇంక ఎటు చూడను?

“ఎట్లా ఉందక్కా ఆ ముఖం?”

“గోడ మీదున్నన్నాళ్ళూ కూర్చున్న ఇద్దర్నే చూసుకున్నా, అద్దం మీదా చూడలేదురా. మరకని ఎవరు చూస్తారు?”

కాసేపు ఫోటోని అలాగే పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. చెవి పెట్టి వింటే తిడుతోంది.

“అంత ఆలస్యమేంటి నీకు? ముందు లేవొచ్చుగా! అందరూ కుర్చీల్లో కూర్చునేదాకా ఏం చేస్తున్నావు? మధ్యలోనో ఎడంపక్కనో చోటు దొరికేది, తడిసేవాడివి కాదు. ఫోటో ఆయన్ని ఒక్క నిమిషం ఆగమంటే ఆగడా? వంగి చుట్టుకోవడానికి ఎంతసేపు? ఇంటి నుంచి పోతూ కూడా ఇట్లాగే ఉరికావా? కడుపుతో ఉన్నదానికి చెప్పావా, లేదా?”

గొంతు పెరిగింది. అవతలి సీట్లోవాళ్ళు తిరిగి చూశారు. ఎండుచేపలామె బుట్ట మీద చెయ్యి వేసుకుని కొంచెం జరిగింది, మళ్ళీ కుతూహలం పట్టలేక దగ్గరికి వచ్చింది.

“ఎవర్నమ్మా, అట్టా తిడతన్నారు?”

“మా నాన్నని.”

ఆమె అక్క నెరిసిన తల చూసి, నా వైపు చూసింది. నేను కాదన్నట్టు చెయ్యి ఊపాను. అక్క ఫోటో ముందుకు పెట్టి వేలితో చూపించింది.

“చూడు. కాలికి గుడ్డ చుట్టుకోవడం చేతకాదు. ఈయన యుద్ధానికి పోయాడట.”

ఆమె ఫోటో మీదికి వంగింది. ముఖం లేదేంటని అడుగుతుందేమోనని నేను కోత ఒకటి సిద్ధం చేసుకున్నాను. ఆమె కాళ్ళే చూసింది.

“పుల్లల్లా ఉన్నాయే కాళ్ళు! పిల్లాడు పాపం. ఈ ఈడులో మావాడికి లుంగీయే నిలవదు నడుం మీద. వదిలెయ్యండమ్మా.”

“ఎట్లా వదిలేస్తాను? ఇవాళేగా దొరికింది” అంది అక్క. అని, ఫోటోని మళ్ళీ కంటికి ఆనించుకుని, ఎడమకాలి దగ్గర్నుంచి మొదలుపెట్టింది.